విస్తులా డెల్టాలోని స్తోగి గ్రామం: చరిత్ర ఏమిటి, చూడదగినవి ఏమిటి?

ప్రశ్న (అంబాజీపేట, కోనసీమ)

పెద్దలందరికీ నమస్కారం. పోలండ్ ఉత్తర భాగంలో, విస్తులా నది బాల్టిక్ సముద్రంలో కలిసే డెల్టాలో, మాల్‌బోర్క్ పట్టణానికి చేరువలో స్తోగి అనే చిన్న వ్యవసాయ గ్రామం ఉంది. మా అమ్మాయి కుటుంబం గ్దాన్స్క్ నగరంలో స్థిరపడినందున వచ్చే వేసవిలో మేము అక్కడికి వెళ్తున్నాము. అందరూ మాల్‌బోర్క్ కోటను తప్పక చూడమని చెబుతున్నారు. కోటను చూస్తాము, కానీ నా మనసు ఆ పక్కనున్న పల్లె మీద ఉంది. అమ్మాయి పంపిన ఛాయాచిత్రాలలో చెట్ల నీడన వరుసలుగా నిలిచిన ఎత్తైన రాతి పలకలు, వాటి చుట్టూ మన పొలాలలాగానే బల్లపరుపుగా ఉన్న నేల, నేలను చీల్చుకుంటూ సాగే మురుగు కాలువలు కనిపించాయి. రాళ్ల మీద చెక్కినది జర్మన్ భాష అట. ఆ రాళ్లు పాతుకున్నవారు డచ్చి దేశపు సంతతి అట. ఇప్పుడు ఊళ్లో ఉన్నవారు పోలిష్ వారు. ఇదంతా ఒక్క ఊరిలో ఎలా జరిగిందో తెలిసినవారు వివరించగలరా?

నేను ఏటిగట్టుకు దిగువన పుట్టి పెరిగిన రైతును. వానాకాలంలో డ్రెయిన్లు లాగక నాట్లు కుళ్లిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందువల్ల ఆ ఊరు సముద్రమట్టం కంటే దిగువన ఉందన్న మాట నిజమేనా, నిజమైతే అక్కడి నీటిని ఎలా బయటకు పంపుతారు, ఊరిలోనూ చుట్టుపక్కలా ఏమేమి చూడాలి అన్నవి కూడా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం (ధవళేశ్వరం, నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజనీరు)

అయ్యా, మీ ప్రశ్నలోని నీటి భాగానికి నేను సమాధానం చెబుతాను. చరిత్రను మన పాలకొల్లు మేడంగారు నాకంటే బాగా చెప్పగలరు.

విస్తులా డెల్టాను పోలిష్ వారు జువావి అంటారు. దాదాపు 1,700 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని గ్దాన్స్క్ వైపు ఒక భాగంగా, ఎల్‌బ్లాంగ్ వైపు మరొక భాగంగా, విస్తులా ప్రధాన పాయకూ నోగాత్ పాయకూ మధ్యనున్న నేలను పెద్ద జువావిగా లెక్కిస్తారు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య మన కోనసీమ ఎలా ఉందో, ఆ రెండు పాయల నడుమ పెద్ద జువావి అలా ఉంది. స్తోగి ఈ పెద్ద జువావిలోని ఊరే. డెల్టాలో సముద్రమట్టానికి దిగువనున్న నేలలు ప్రధానంగా ఉత్తరాన, ఎల్‌బ్లాంగ్ పరిసరాల్లో ఉన్నాయి. అక్కడి రాచ్కి అనే ఊరి వద్ద నేల సముద్రమట్టం కంటే 1.8 మీటర్లు దిగువన ఉందని పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. స్తోగి ఉన్న దక్షిణ భాగం వాటికంటే మెరకే. అయితే మీకూ నాకూ తెలిసిన విషయం ఒకటుంది. నేల సముద్రానికి ఎగువన ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. గట్టుల మధ్య ప్రవహించే వరద మట్టానికి పొలం దిగువన ఉంటే, గట్టు తెగిన రోజున రెండింటికీ తేడా ఉండదు.

వరద కారణం మాత్రం మన దేశంలో ఊహించలేనిది. గోదావరికి ఎగువన కురిసిన వానలు వరద తెస్తాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటడం ఇక్కడి పెద్దలందరికీ గుర్తే. విస్తులా దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. అందువల్ల వసంతం రాగానే దక్షిణాన ఎగువ భాగంలో మంచు ముందుగా కరిగి నీరు దిగుతుంది. అప్పటికి సముద్రానికి దగ్గరలోని దిగువ భాగం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కొట్టుకొచ్చిన మంచు దిమ్మలు ఒకదానిపై ఒకటి ఎక్కి నదికి అడ్డుకట్ట అవుతాయి, వెనుక నీరు లేచి గట్టుకు గండి పెడుతుంది. 1829లో గ్దాన్స్క్ నగరం ఇలాగే మునిగింది. 1840లో మంచు అడ్డుపడినప్పుడు నది గ్దాన్స్క్ సమీపంలోని గుర్కి వద్ద ఇసుక దిబ్బలను చీల్చుకుని, తనంతట తాను సముద్రంలోకి కొత్త దారి చేసుకుంది. చివరకు 1891లో పని మొదలుపెట్టి, నదిని నేరుగా సముద్రంలోకి దించే సుమారు 7 కిలోమీటర్ల కాలువ తవ్వి, 1895 మార్చి 31న దానిలోకి నీరు వదిలారు. ఆ తరువాత నోగాత్ పాయను లాకులతో నియంత్రించి, 1915 నాటికి ప్రధాన నదీ వరద దానిలోకి రాకుండా చేశారు. స్తోగి వంటి ఊళ్లకు నిజమైన రక్షణ అప్పుడే వచ్చింది.

ఇక నీటిని బయటకు పంపడం. మన డెల్టాలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ద్వారా ముందు నీటిని తెచ్చుకున్నాము. మెరకల మీదుగా పంట కాలువలు, పల్లాల వెంట మురుగు కాలువలు వెళ్తాయి. జువావిలో వానకు కొదవ లేదు, బెడద ఎప్పుడూ ఎక్కువ నీటిదే. కాబట్టి మీరు చూసిన కాలువలన్నీ మురుగు కాలువలేనని అనుకోవచ్చు. మన డ్రెయిన్లకు పోటు సమయంలో అడ్డు పడినా, పాటు సమయంలో స్లూయిజ్ తలుపు తెరుచుకుని కొంత నీరు దానంతట అదే దిగుతుంది. బాల్టిక్ సముద్రానికి పోటుపాట్లు దాదాపుగా లేవు. పైగా ఉత్తర గాలి బలంగా వీచినప్పుడు సముద్రపు నీరే వెనక్కు నెట్టుకొస్తుంది. అందుచేత పల్లపు పొలాల నీటిని ఎత్తిపోయక తప్పదు. మొదట గాలిమరలతో, 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలతో, ఆ పైన విద్యుత్ పంపులతో ఆ పని చేశారు. పొలం బోదెలోని నీరు పెద్ద బోదెలోకి చేరుతుంది. అక్కడి నుంచి దానిని గట్టులున్న ఎత్తు కాలువలోకి తోడితే, అది నదికో సముద్రతీరపు ఉప్పునీటి సరస్సుకో పోతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె ఆగితే పొలం మళ్లీ చిత్తడి అవుతుంది. 1945 మార్చిలో, వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం ముందుకు వచ్చే సైన్యాన్ని నిలువరించాలని గట్లు తెంచి ఈ డెల్టాను ముంచివేసింది. దానిని మళ్లీ ఆరగట్టడానికి ఆ దశాబ్దం చివరి వరకూ పట్టింది. శాఖలో పనిచేసినవాడిగా ఆ పునర్నిర్మాణాన్ని నేను ఏ యుద్ధ విజయం కంటే తక్కువగా చూడలేను.

సమాధానం (పాలకొల్లు, చరిత్ర అధ్యాపకురాలు)

ఇంజనీరుగారు నీటి సంగతి చెప్పారు కనుక నేను మనుషుల సంగతికి వస్తాను.

ఈ డెల్టాలో గట్ల నిర్మాణం ట్యూటానిక్ నైట్లు అనే జర్మన్ మత సైనికుల కాలంలో పెద్ద ఎత్తున సాగింది. వారు 1308లో గ్దాన్స్క్‌ను ఆక్రమించి, మరుసటి సంవత్సరం మాల్‌బోర్క్‌ను తమ రాజధాని చేసుకున్నారు. 1466 నాటి టొరూన్ సంధితో ఈ ప్రాంతం పోలిష్ రాజు ఏలుబడిలోకి వచ్చింది. తరువాతి శతాబ్దంలో యుద్ధాల వల్ల, వరదల వల్ల గట్లు పాడై చాలా భూమి బీడుపడింది. సరిగ్గా అదే కాలంలో నెదర్లాండ్స్‌లో, మెన్నో సైమన్స్ అనే ఫ్రీసియా మతబోధకుని అనుయాయులైన మెన్నొనైట్లు హింసకు గురవుతున్నారు. పసిపిల్లలకు కాక, ఊహ తెలిసి విశ్వసించినవారికే బాప్తిస్మం ఇవ్వాలనీ, ఆయుధం పట్టరాదనీ, ప్రమాణం చేయరాదనీ వారి నమ్మకం. ఆ నమ్మకం కోసం స్వదేశంలో ప్రాణాలు పోగొట్టుకుంటున్న వారికి పల్లపు నేలను ఆరబెట్టే విద్య చేతిలో ఉంది. విస్తులా తీరంలోని భూస్వాములకు పల్లపు నేల ఉంది. లోయ్ట్జ్ అనే గ్దాన్స్క్ వడ్డీ వ్యాపార కుటుంబం 1562లో ఇప్పటి నోవీ ద్వూర్ పట్టణ పరిసరాలకు వారిని రప్పించింది. కొన్ని సంవత్సరాలు శిస్తు లేకుండా, ఆ తరువాత దీర్ఘకాలపు కౌలుకు భూములిచ్చారు. చిత్తడిని బాగుచేసేవాడు దాని ఫలాన్ని అనుభవించేలా కౌలు కుదర్చడం ఆ ఒప్పందాలలో నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచిన అంశం. 1642లో రాజు నాలుగవ వ్వాదిస్వావ్ ఇచ్చిన శాసనం, వీరి పూర్వీకులు నిరుపయోగమైన చిత్తడిని కష్టపడి సారవంతం చేశారని అంగీకరించి, వారి హక్కులను కాపాడతానని హామీ ఇచ్చింది.

పాలకొల్లులో ఉండి దీనిని రాస్తున్నందువల్ల ఒక మాట చేర్చకుండా ఉండలేకపోతున్నాను. అదే 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ మా ఊరిలోనూ నరసాపురంలోనూ వర్తక స్థావరాలు పెట్టింది. వారు ఇక్కడికి అద్దకపు బట్టల కోసం వచ్చిన వర్తకులు; నీటి పనులలో వారి పాత్ర ఏమీ లేదు. స్తోగి వైపు వెళ్లినవారు ప్రాణభయంతో వెళ్లి, నేలను సాగులోకి తెచ్చిన కుటుంబాలు. ఒకే దేశపు మనుషులు రెండు డెల్టాలకు రెండు విధాలుగా చేరారు.

స్తోగి గ్రామం హ్యూబూడెన్ అనే జర్మన్ పేరుతో ఒక పెద్ద మెన్నొనైట్ సంఘానికి కేంద్రమైంది. 1768లో అక్కడ ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. మీరు చూసిన శ్మశానం కూడా ఆ కాలానిదే. నాలుగేళ్లకే, అంటే 1772లో, పొరుగు రాజ్యాలు పోలండ్‌ను పంచుకున్న మొదటి విభజనలో ఈ ప్రాంతం ప్రష్యా అనే జర్మన్ రాజ్యం వశమైంది. సైనిక సేవ నుంచి మినహాయింపు కోసం డెల్టా మెన్నొనైట్లందరూ కలిసి ఏటా 5,000 థాలర్లు (అప్పటి వెండి నాణేలు) కుల్మ్ సైనిక పాఠశాలకు చెల్లించవలసి వచ్చింది. ఆయుధం పట్టనివారి సొమ్ముతో సైనికాధికారులకు శిక్షణ ఇవ్వడం అన్యాయమన్నదే నా అభిప్రాయం. 1789 ఉత్తర్వు వారిని కొత్తగా భూములు కొనకుండా కట్టడి చేసింది. అప్పటికే రష్యా సామ్రాజ్ఞి కాథరీన్ పిలుపు అందుకుని కొందరు బయలుదేరారు. ద్నీపర్ తీరాన ఖోర్టిట్సా వలస, 1804 నుంచి మొలోచ్నా వలస ఇలా ఏర్పడ్డాయి. 1867లో మినహాయింపు పూర్తిగా రద్దయ్యాక హ్యూబూడెన్ సంఘం నుంచే కొన్ని కుటుంబాలు 1870లలో అమెరికాలోని నెబ్రాస్కాకు తరలిపోయాయి.

ఇక్కడే కథ మన వైపు తిరుగుతుంది. మొలోచ్నా వలసలోని మెన్నొనైట్ బ్రదరెన్ (మెన్నొనైట్లలో ఒక శాఖ) సంఘం పంపగా అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో తెలుగు దేశానికి వచ్చి నల్గొండలో మిషను ప్రారంభించారు. ఆ తరువాత అమెరికాకు వలసపోయిన శాఖవారు మహబూబ్‌నగర్, గద్వాల వైపు వచ్చారు. నేడు తెలంగాణలో వేలాది తెలుగు కుటుంబాలకు చెందిన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం చరిత్రను వెనక్కు తిప్పుకుంటూ పోతే, రష్యా గడ్డి మైదానాలు దాటి, చేరేది ఈ విస్తులా పల్లెలకే. ఆ రాళ్ల ముందు నిలబడినప్పుడు మీరు ఈ సంగతి గుర్తు చేసుకోవాలని నా కోరిక.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1920 నుంచి 1939 వరకు స్తోగి డాన్‌జిగ్ స్వతంత్ర నగర (గ్దాన్స్క్‌కు జర్మన్ పేరు డాన్‌జిగ్) పరిధిలో ఉంది. 1930లలో ఇక్కడి మెన్నొనైట్లు ఆయుధం పట్టరాదన్న పూర్వపు నియమాన్ని వదులుకున్నారన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే వారిని ఆసాంతం నిష్కళంకులుగా చిత్రించే రాతలు చాలా కనిపిస్తాయి. 1945లో సోవియట్ సైన్యం రాకతో వారు పారిపోయారు లేదా వెళ్లగొట్టబడ్డారు. ఖాళీ అయిన ఇళ్లలోకి మధ్య పోలండ్ నుంచి, సోవియట్ వశమైన తూర్పు ప్రాంతాల నుంచి పోలిష్ కుటుంబాలు వచ్చాయి. 1947 నాటి ‘విస్తులా చర్య’లో ఉక్రెయినీయులను కూడా బలవంతంగా తెచ్చి ఈ డెల్టాలో దించారు. ఇప్పటి ఊరివారి తాతలు కూడా నిర్వాసితులే. రాళ్ల మీది పేర్లు తమవి కాకపోయినా ఆ శ్మశానాన్ని నిలుపుకున్న వారిని మనం గౌరవించాలి.

సమాధానం (గ్దాన్స్క్ నుంచి, స్వస్థలం రాజోలు)

నమస్కారం బాబాయిగారూ. నేను ఇక్కడ ఓడల తయారీ రంగంలో పనిచేస్తున్నాను, సెలవులలో సైకిలు మీద జువావి ఊళ్లు తిరుగుతుంటాను. పైన పెద్దలు చెప్పినది చదివి వస్తే మీకు స్తోగిలో చాలా కనిపిస్తుంది, లేకపోతే పావుగంటలో చూసి వెనక్కు వచ్చేస్తారు.

ఊరు చిన్నది. 1768 నాటి ప్రార్థనా మందిరం ఇప్పుడు లేదు. చూడవలసినది శ్మశానమే. డెల్టాలో మిగిలిన మెన్నొనైట్ శ్మశానాలలో ఇది పెద్దవాటిలో ఒకటి. పెద్ద చెట్ల కింద మనిషి ఎత్తుకు దగ్గరగా నిలిచిన రాతి పలకలుంటాయి. ఒక వైపు పేరు, పుట్టిన రోజు, పెళ్లి, ఎంతమంది పిల్లలు, మరణించిన రోజు వరుసగా గోతిక్ అక్షరాలలో ఉంటాయి. రెండో వైపున చాలా రాళ్ల మీద పద్యమో, బైబిలు వాక్యమో ఉంటుంది. పెన్నర్, వీబె, డిక్, క్లాసెన్, రేగియర్ వంటి ఇంటిపేర్లు ఈ డెల్టా శ్మశానాలలో పదేపదే కనిపిస్తాయి. రాళ్ల పై భాగాన సీతాకోకచిలుకలు, గసగసాల కాయలు చెక్కి ఉంటాయి. మొదటిది పునరుత్థానానికి, రెండవది నిద్రకు గుర్తు. సిరిగల రైతుల సమాధులని రాతిపనే చెబుతుంది, అయినా ఒక్క మనిషి బొమ్మ కూడా ఉండదు. ఉదయం పూట ఎండ ఏటవాలుగా పడినప్పుడు అరిగిన అక్షరాలు బాగా చదవవచ్చు, మధ్యాహ్నం వెళ్తే రాయి తప్ప రాత కనిపించదు.

యుద్ధం తరువాత చాలా ఊళ్లలో ఇటువంటి శ్మశానాలు తుప్పలలో కలిసిపోయాయి. 1990ల నుంచి నోవీ ద్వూర్‌లోని స్థానిక చరిత్ర సంఘం వాటిని శుభ్రపరచి, పడిపోయిన రాళ్లను నిలబెట్టే పని చేస్తోంది. ఆ పట్టణంలోని పాత పాలకేంద్రం భవనంలో జువావి మ్యూజియం ఉంది. జున్ను తయారీ సామగ్రి, కాలువ తవ్వే పనిముట్లు, ఇళ్ల సామాన్లు అక్కడ చూడవచ్చు. మీవంటి రైతుకు మాల్‌బోర్క్ కోట కంటే అదే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం, కోట ప్రపంచ వారసత్వ జాబితాలో 1997 నుంచి ఉన్నప్పటికీ.

స్తంభాల ఇళ్ల గురించి కూడా చెప్పాలి. ఇంటి ముందు భాగాన మేడను ముందుకు తెచ్చి, దానిని చెక్క స్తంభాల మీద నిలిపిన పెద్ద ఇళ్లు డెల్టాలో అక్కడక్కడా మిగిలాయి. ఒక్కో స్తంభం ఒక్కో వూకా భూమికి, అంటే సుమారు 17 హెక్టార్లకు గుర్తని ఇక్కడివారు చెప్పుకుంటారు. పర్యాటక కరపత్రాలు వీటన్నింటినీ మెన్నొనైట్ ఇళ్లని రాస్తుంటాయి. నిజానికి వాటిలో చాలా భాగం సంపన్నులైన లూథరన్ (మరొక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) రైతులవి. మెన్నొనైట్ల ఇల్లు, పశువుల కొట్టం, ధాన్యపు కొట్టం ఒకే వరుసలో కలిపి పొడవుగా కట్టినవి. అవి మట్టిదిబ్బల మీద ఉండటం గమనించండి, వరద వస్తే మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద పొడి నేల మీద ఉండేందుకు. త్రుత్‌నోవి గ్రామంలోని 1720 నాటి స్తంభాల ఇల్లు అన్నింటిలోనూ అందమైనదని నా అభిప్రాయం. పాల్చెవో, ద్రెవ్‌నిత్సా ఊళ్లలో చెక్క గాలిమరలున్నాయి. ద్రెవ్‌నిత్సాలోని మర మొత్తం ఒకే స్తంభం మీద నిలిచి, గాలి వాటును బట్టి తిరిగేలా కట్టారు. ఆ రెండూ పిండి మరలు, నీరు తోడినవి కావు.

గ్దాన్స్క్ నుంచి మాల్‌బోర్క్‌కు రైళ్లు తరచుగా ఉన్నాయి. అక్కడి నుంచి స్తోగికి కారులో వెళ్లడం మేలు. మే, జూన్ నెలలైతే ఆవచేలు పూసి ఉంటాయి, పగలు కూడా బాగా పొడవు.

ప్రశ్న అడిగినవారు (అంబాజీపేట)

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మేడంగారు చెప్పిన నల్గొండ సంగతి విని ఆశ్చర్యపోయాను. ఇంజనీరుగారికి ఇంకొక్క ప్రశ్న. అంత పొడవు గట్లు, అన్ని బోదెలు పూర్వం ఎవరు కాపాడేవారు? మా వైపు పూడిక తీయడం ఎవరి బాధ్యతో తేలక డ్రెయిన్లు గుర్రపుడెక్కతో నిండిపోతున్నాయి. 2011లో కోనసీమ రైతులు సాగు మానుకుని పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాలలో మురుగు సమస్య కూడా ఉంది.

సమాధానం (ధవళేశ్వరం)

అక్కడ గట్టు సంఘాలు మెన్నొనైట్ల కంటే ముందే, నైట్ల కాలం నుంచే ఉన్నాయి. రైతులు తమలో ఒకరిని గట్టు పెద్దగా ఎన్నుకునేవారు. ప్రతి రైతుకూ తన భూమి విస్తీర్ణాన్ని బట్టి గట్టులో ఇంత పొడవు అని వాటా పడేది. ఆ భాగానికి మట్టి, కట్టెలు, మనిషి, బండి అతనే సమకూర్చాలి. వరద రోజులలో గట్టు పెద్ద పిలిస్తే మతమేదైనా, హోదా ఏదైనా వెళ్లవలసిందే. పెద్ద కమతం ఉన్నవాడికి పెద్ద వాటా పడటం ఇందులోని కీలకం, ఎందుకంటే గట్టు తెగితే ఎక్కువ నష్టపోయేది అతనే. మన వద్ద కుడిమరమ్మతు, అంటే రైతులే చెరువులూ కాలువలూ బాగుచేసుకునే ఆచారం, ఒకప్పుడు ఇటువంటిదే. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఆ బాధ్యతను తిరిగి రైతు చేతికి ఇవ్వాలని తలపెట్టినా, వాటి దృష్టి ప్రధానంగా పంట కాలువల మీదే నిలిచింది. డ్రెయిన్లకు కూడా అటువంటి వాటా పద్ధతి కావాలని సర్వీసులో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మీరు స్తోగి వెళ్లినప్పుడు శ్మశానం చూశాక పొలాల వెంట కొంత దూరం నడవండి. బోదెల వెడల్పు, లోతు, గట్టు వాలు, ఒకదానిలో మరొకటి కలిసే చోట తూము ఎలా కట్టారో చూసి, వీలైతే కొలిచి, ఇక్కడ రాయండి. నాకు చాలా ఉపయోగపడుతుంది.